పేచీ రాకుండా పెట్టించిన సంతకం

ఓడిపోయిన కేసుల గురించి చెప్పమంటే ప్రతి లాయరు దగ్గరా నాలుగు కథలు ఉంటాయి. వాటన్నిటిలోనూ తప్పు జడ్జిదో, సాక్షిదో, క్లయింటుదో అయి ఉంటుంది. నేను చెప్పబోయేది గెలిచిన కేసు. తప్పు మాత్రం నాది.

మదనపల్లెలో నేను ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు మా సీనియర్ గారికి వీలునామాలు రాయడంలో మంచి పేరు ఉండేది. రామసముద్రం వైపు రైతులు, పుంగనూరు వ్యాపారులు ఆయన చేత రాయించుకుంటే ఇక గొడవ ఉండదని నమ్మేవారు. ఆయన కిటుకు ఒకటే. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. రాసిన మనిషి సంతకం పెడుతుండగా చూసి, ఆ మనిషి ఎదుటే వాళ్ళూ సంతకం పెట్టాలి. అందరూ ఊళ్ళో పెద్దమనుషులను పిలుస్తారు. మా సీనియర్ మాత్రం రేపు ఎవరు పేచీ పెడతారని అనుమానం ఉంటే వాళ్ళనే సాక్షిగా కూర్చోబెట్టేవారు. పొలం రాని పెద్దకొడుకు, ఆశపడే అల్లుడు, పొసగని తమ్ముడు, ఎవరైనా సరే.

"బయటోని సంతకం కాగితం మింద ఉంటాది. ఇంట్లోవాని సంతకం వాని నోటి మింద ఉంటాది" అనేవారు.

అది నిజంగానే పనిచేసేది. "అప్పుడు నువ్వే గదా సంతకం పెడితివి" అని ఊళ్ళో నలుగురూ అంటే, పేచీ పెట్టాలనుకున్నవాడు తల దించుకునేవాడు. ఆయన పోయాక ఆ కుర్చీతో పాటు ఆ కిటుకు కూడా నాకు వచ్చింది. నా సొంత తెలివి అన్నట్టు చాలామందికి చెప్పుకున్నాను కూడా.

ఒకరోజు ఒక నర్సమ్మ మా ఆఫీసుకు వచ్చింది. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. క్రైస్తవురాలు. పెళ్ళి చేసుకోలేదు. పుంగనూరులో చిన్న ఇల్లు కట్టుకుంది. ఆమెతో పాటు అదే ఆసుపత్రిలో ఆయాగా చేసిన ఒకావిడ, ఆయా భర్త కూడా వచ్చారు. ఆ భార్యాభర్తలు నర్సమ్మ ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన టమోటా మండీలో హమాలీ. ముగ్గురూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు.

నర్సమ్మకు చనిపోయిన అన్న కొడుకు ఒకడు కుప్పంలో ఉన్నాడు. ఇల్లు మాత్రం ఆయాకు రాయాలని ఆమె నిర్ణయం. అన్న కొడుకుతో ఏమైనా గొడవలు ఉన్నాయా అని అడిగాను.

"వాడు చెడ్డోడు కాదప్పా. కాకుంటే నేనెట్ల ఉండానో, నా ఇల్లెట్ల ఉండాదో అని రెండు మాటలుంటే, వాడు రెండోదే అడుగుతాడు" అంది.

ఇంకో చిక్కు కూడా ఆమె చెప్పింది. ఆయా భర్త మంచివాడే గానీ ఎవరు అప్పుకు హామీ ఉండమన్నా ఉంటాడు. ఇల్లు పూర్తిగా ఆయాదే అని, ఆయనకు దాని మీద హక్కు లేదని స్పష్టంగా రాయమంది. ఇంకేం, నాకు సీనియర్ గారి కిటుకు గుర్తొచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్న ఆయా భర్తను లోపలికి పిలిచాను. ఒక సాక్షి మా గుమాస్తా, రెండో సాక్షి నువ్వు అన్నాను.

ఆయన వెనకాడాడు. "నేనెందుకు సార్? బయటోళ్ళెవురన్నా పెడితే బాగుంటాది గదా" అన్నాడు.

"నువ్వే పెట్టాల. రేపు నాకు తెలీదంటావా ఏంది?" అన్నాను, కొంచెం నవ్వుతూ, కొంచెం గదమాయిస్తూ.

ఆయన చెయ్యి పంచెకు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం పేర్చినట్టు సంతకం పెట్టాడు. వీలునామా రిజిస్టర్ కూడా చేయించాం. వెళ్ళేటప్పుడు నర్సమ్మ నాకు దండం పెట్టింది. నాకు నా మీద నాకే గౌరవం కలిగిన రోజుల్లో అది ఒకటి.

కొన్నేళ్ళ తర్వాత ఒక స్థలం దావా పని మీద కుప్పం కోర్టుకు వెళ్ళాను. నా కేసు పిలిచేలోగా ముందు వరుసలో కూర్చుని కునుకు తీస్తున్నాను. ఒక క్రైస్తవ కుటుంబం వీలునామా మీద వాదన నడుస్తోంది. కొత్తగా ప్రాక్టీసుకు వచ్చిన ఒక కుర్ర లాయరు లేచి వారసత్వ చట్టంలో అరవై ఏడో సెక్షన్ చదివాడు. వీలునామా కింద సాక్షి సంతకం పెట్టిన మనిషికి గానీ, ఆ మనిషి భార్యకు గానీ, భర్తకు గానీ అందులో ఏమైనా రాసి ఉంటే అది చెల్లదు. వీలునామా ఉంటుంది, వాళ్ళకు రాసింది మాత్రం పోతుంది. హిందువుల వీలునామాలకు ఈ సెక్షన్ వర్తించదు. క్రైస్తవులకు వర్తిస్తుంది.

నా కునుకు వదిలింది.

ఆ సెక్షన్ నేను చదవనిది కాదు. కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మరిచిపోయాను. మా దగ్గరికి వచ్చే వాళ్ళలో నూటికి తొంభై మంది హిందువులే కాబట్టి ఆ కిటుకు వల్ల ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. దెబ్బ తగలని అలవాటును అనుభవం అనుకున్నాను. నర్సమ్మ మతమేమిటో వీలునామా మొదటి పేజీలో నేనే టైపు చేయించాను. అయినా తట్టలేదు.

ఆ రోజు నా దావాలో ఏం వాదించానో గుర్తులేదు. బస్సు ఎక్కాను. వి.కోట, పలమనేరు దాటి పుంగనూరు వచ్చింది. బస్టాండు నుంచి నర్సమ్మ ఇల్లు నడిచిపోయేంత దూరం. దిగి, విషయం చెప్పి, మారుస్తానంటే అయిపోయేది. రాసిన మనిషి బతికున్నంతకాలం కొత్త వీలునామా రాసుకోవచ్చు. ఆమె పోయాక మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఇది నాకు బాగా తెలుసు. కండక్టరు పుంగనూరు, పుంగనూరు అని అరుస్తుంటే నేను కిటికీలోంచి వేరుశనక్కాయలు కొనుక్కుని తింటూ కూర్చున్నాను. బస్సు కదిలింది.

ఆ తర్వాత కూడా ఆ దారిలో చాలాసార్లు వెళ్ళాను. ప్రతిసారీ ఒక కారణం దొరికేది. ఆమె ఆరోగ్యంగానే ఉంది. అన్న కొడుకు ఏ లాయరు దగ్గరికి పోతాడులే. పోయినా ఆ లాయరుకు మాత్రం ఆ సెక్షన్ తెలుసా, నాకే తెలియనిది? ఈ చివరి మాట నాకు ఎంత ఊరట ఇచ్చిందంటే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది.

మా గుమాస్తాకు మాత్రం ఒకసారి నోరు జారాను. ఆ వీలునామా మీద ఒక సాక్షి సంతకం ఆయనదే కదా. ఆయన ఫైలు కట్టడం ఆపి, "ఆయమ్మ ఉండంగానే చెప్పండి సార్. పోయినాక చెప్తే మనకు పాపం, వాళ్ళకు పస్తు" అన్నాడు. ఆ వారంలోనే నర్సమ్మ జారిపడి తుంటి ఎముక విరిగిందని కబురు తెలిసింది. అప్పుడు వెళ్ళాను.

ఆమె మంచం మీద పడుకుని ఉంది. తెలివి మాత్రం ఎప్పటిలాగే ఉంది. తన మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో ఆయాకు తనే ఆర్డర్లు వేస్తోంది. నేను కూర్చుని, గొంతు సవరించుకుని, "రూల్స్ మారినాయమ్మా. వీలునామా మళ్ళీ రాసుకుంటే మంచిది" అన్నాను.

దారి పొడుగునా నిజం చెప్పాలని అనుకుంటూ వచ్చినవాణ్ణి. నోరు తెరిచాక వచ్చింది అది.

ఆమె నన్ను కాసేపు చూసింది. నాడి పట్టుకుని చూసినట్టు అనిపించింది.

"తప్పు సూది ఏసిన డాక్టర్లు గూడా మాకు ఇట్లే చెప్తాండ్రి అప్పా, మందు మారిందని" అంది.

నేను నేల చూశాను. ఆమె ఆయాను పిలిచి నాకు కాఫీ ఇమ్మంది.

రెండు రోజుల్లో కొత్త వీలునామా రాసుకుని వెళ్ళాను. ఈసారి సాక్షులుగా ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరును, పక్కింటి టీచరమ్మను పెట్టాను. ఆమె పడుకున్న చోటే అంతా చదివి వినిపించాను. అందులో ఒక వాక్యం ఉంది: "కొన్ని అనివార్య కారణాల వల్ల నా పాత వీలునామాను రద్దు చేసుకుని." ఆ అనివార్య కారణం నేనే. అలా రాస్తే రేపు ఎవరు చదివినా నా తప్పు కనపడదు.

ఆమె ఆపింది. "ఏం కారణాలప్పా అవి?"

"అది లాయర్ల భాష అమ్మా."

"సరే. నీ భాష నీకే తెలియల్ల. ఇంకో మాట గూడా రాయి. నేను పోయినాక ఈ ఇల్లు ఆయాకు అప్పజెప్పే పని నీదే అని."

అంటే ఎగ్జిక్యూటర్. వీలునామాలో ఏం రాసి ఉందో అది జరిపించే బాధ్యత ఉన్న మనిషి. నాకు రిటైరయ్యే వయసు వచ్చిందని, ఇంకెవరినైనా పెట్టుకోమని నసిగాను. "నువ్వే" అంది. అంతే. ఆమె లేచి తిరిగాక రిజిస్టర్ చేయిద్దామని అనుకున్నాం. ఆమె లేవలేదు. కొన్ని నెలలకు పోయింది.

ఇంటిపన్ను ఆయా పేరుకు మార్చమని అర్జీ పెడితే, అన్న కొడుకు కుప్పం నుంచి వచ్చి అడ్డం తిరిగాడు. ఇక కోర్టు చేతే వీలునామాను ఖరారు చేయించుకోవాలి. దాన్నే ప్రొబేట్ అంటారు. నేను ఎగ్జిక్యూటర్‌గా మదనపల్లె కోర్టులో పిటిషన్ వేశాను. అప్పటికి నేను ప్రాక్టీసు మానేశాను. నా దగ్గర జూనియర్‌గా చేసిన ఒక అమ్మాయి ఇప్పుడు మంచి లాయరు. ఆమె కేసు నడిపింది. అవతలి లాయరు నా పాత స్నేహితుడు. బార్ అసోసియేషన్‌లో ఎన్నో సాయంత్రాలు ఇద్దరం క్యారమ్స్ ఆడుకున్నాం.

మా పిటిషన్‌కు జవాబుగా ఆయన వేసిన కౌంటర్ చదివితే, అది రాసింది ఆయన కాదు, నేనే అనిపించింది. మొదటి వీలునామా రిజిస్టర్ అయింది, కానీ ఆయా భర్త సాక్షి కాబట్టి ఆమెకు రాసింది చెల్లదు. రెండోది రిజిస్టర్ కాలేదు. ముసలామె మంచాన పడ్డాక పుట్టింది. పాతదాన్ని ఎందుకు రద్దు చేశారో కారణం లేదు. రాసింది, ఇప్పుడు తెచ్చింది ఒకే లాయరు. కాబట్టి అది కల్పించినది. రెండోది పడిపోతే ఇల్లు రక్త సంబంధం ఉన్న అన్న కొడుక్కి పోతుంది. ఆయా రోడ్డు మీద నిలబడుతుంది.

అన్న కొడుకు అంతటితో ఆగలేదు. పుంగనూరులో వీధిలో నిలబడి ఆయా భర్తతో, నీ సంతకమే నీ పెండ్లాం ఇల్లు తీసింది అన్నాడట. ఆ మాట ఆ మనిషిని పట్టుకుంది. ఆయా మా ఇంటికి వచ్చి చెప్పింది. ఆయన ఇంట్లో అన్నం తినడం మానేశాడు. మండీలోనే పడుకుంటున్నాడు. పిలిస్తే, నా చేత్తో నేనే నీ కొంప కూల్చినా, ఏ మొగం పెట్టుకోని వచ్చేది అంటాడట.

"నేను గూడా తిడ్తిని సార్, యాల పెడితివి సంతకం అని. తప్పు జేస్తి. తిట్టినప్పటినించి మాట్లాడేది గూడా లేదు" అంది.

అప్పుడైనా చెప్పవచ్చు. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. "చూద్దాంలేమ్మా, కోర్టులో తేలుతుంది" అన్నాను. ఆమె తెచ్చిన చింతకాయలు లోపల పెట్టించాను.

నా సాక్ష్యానికి ముందు రోజు మా జూనియర్ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, "సార్, ఆ అనివార్య కారణాలు ఏంటని అడుగుతారు. ఏం చెప్తారు?" అంది. వయసు మీద పడిందని ముసలామె అడిగింది అన్నాను. కాదంటే ఎగ్జిక్యూటర్‌ను పెట్టుకోవడానికి అన్నాను. ఇంకో రెండు కూడా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"సార్, వీటిలో ఒక్కటి గూడా నాకే నమ్మకం కుదర్లేదు. జడ్జి గారికి ఎట్ల కుదురుతుంది?"

ఆ అమ్మాయికి వాదించడం నేర్పింది నేనే. సాక్షి అబద్ధం చెబుతున్నాడో లేదో చూడటం తనే నేర్చుకుంది.

మర్నాడు బోను ఎక్కాను. ఆ కోర్టు హాల్లో ఎన్నో ఏళ్ళు ప్రశ్నలు అడిగే వైపు నిలబడ్డ మనిషిని. బోనులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయా ముందు బెంచీలో కూర్చుంది. ఆయా భర్త తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు అంతకుముందు వాయిదాలోనే, ఆమె తెలివితో ఉండి తన ఎదుటే సంతకం పెట్టిందని చెప్పి వెళ్ళాడు. ఇక మిగిలింది ఆ కారణం ఒక్కటే.

నా స్నేహితుడు మెల్లగా మొదలుపెట్టాడు. నా చదువు, ప్రాక్టీసు, ఎన్ని వీలునామాలు రాశానో, అన్నీ నా చేత గొప్పగా చెప్పించాడు. తర్వాత, అంత అనుభవం ఉన్న మీరు మొదటి వీలునామా సరైనదనుకునే కదా రాశారు, మరి మళ్ళీ ఎందుకు రాయాల్సి వచ్చింది అని అడిగాడు.

"మొదటిదాంట్లో లోపం ఉంది. అది నేను చేసిన తప్పు. ఆయా భర్త చేత సాక్షి సంతకం పెట్టించకూడదు. ఆయన బయటివాళ్ళను పెట్టమన్నాడు కూడా. నేనే గదమాయించి పెట్టించాను."

జడ్జి గారు రాస్తున్నవారు తలెత్తారు. ఆ సెక్షన్ మీకు తెలియదా అని అడిగారు. ఒకప్పుడు చదివాను, మరిచిపోయానని చెప్పాను. మరి ఆ సంగతి రెండో వీలునామాలో ఎందుకు రాయలేదు అన్నారు. నా తప్పు కనపడకూడదని అన్నాను. ముసలామెకు చెప్పారా అన్నారు. లేదు, రూల్స్ మారాయని అబద్ధం చెప్పానని అన్నాను. హాల్లో ఎవరో నవ్వారు. చాలామంది నా కంటే చిన్నవాళ్ళు. కొందరు ఆ కిటుకు నా దగ్గరే నేర్చుకున్నవాళ్ళు.

నా స్నేహితుడు ఇంకో రెండు ప్రశ్నలు వేసి ఆగిపోయాడు. నన్ను ఎంత తెలివితక్కువవాడిగా నిరూపిస్తే, రెండో వీలునామాకు అంత మంచి కారణం దొరుకుతోందని ఆయనకు అర్థమైంది. బయట కారిడార్లో నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమన్నా ఇది. బోనులో తప్పు ఒప్పుకుంటానని ముందే చెప్పింటే నేను ఆ ప్రశ్నే అడగను గదా."

ఇద్దరం కలిసి టీ తాగాం. డబ్బులు ఆయన ఇచ్చాడు.

ప్రొబేట్ వచ్చింది. తీర్పులో ఒక పేరా పూర్తిగా నా గురించే ఉంది. మర్యాదగానే రాశారు. అయినా బార్‌లో నా పేరు కొన్నాళ్ళు అరవై ఏడు అయింది. ఇప్పటికీ క్యారమ్స్ బల్ల దగ్గర ఎవరో ఒకరు అంటారు. నాకు కోపం రాదు. కొత్తగా కోటు వేసుకున్న మీలాంటి పిల్లలు ఆ ఎగతాళి వల్లనైనా ఆ సెక్షన్ మరిచిపోరు. నేను పాఠం చెప్పి ఉంటే నా మాదిరే పరీక్ష రాసి మరిచేవాళ్ళు. ఆ తర్వాత నా పాత కాగితాలు వెతికి, క్రైస్తవులకు రాసిన వీలునామాలు బయటికి తీశాను. అంగళ్లులో ఒకాయనకు ఇదే తప్పు చేసి పెట్టాను. ఆయన బతికే ఉన్నాడు. వెళ్ళి, మొదటి మాటే తప్పు నాదని చెప్పి, కొత్తది రాసిచ్చాను. ఆయన ఫీజు ఇవ్వబోతే ఆయన కూతురు ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. న్యాయమే.

మీకు ఒక్కటే చెబుతాను పిల్లలూ. సెక్షన్ మరిచిపోతే పుస్తకం ఉంది. బస్సు దిగాల్సిన చోట దిగకపోతే, ఆ బరువు ఎవరో మూటలు మోసే మనిషి నెత్తికెక్కుతుంది.

తీర్పు కాపీ, ఇంటి కాగితాలు తీసుకుని ఒక ఆదివారం పుంగనూరు వెళ్ళాను. ఎగ్జిక్యూటర్‌గా అది నా ఆఖరి పని. ఆయా గుమ్మంలో ఉంది. భర్త అరుగు చివర కూర్చుని ఉన్నాడు. వచ్చి కూర్చున్నాడు గానీ లోపలికి ఇంకా పోవడం లేదని ఆమె మెల్లగా చెప్పింది. కోర్టులో నిజం తేలింది కదమ్మా అన్నాను. అమాయకంగానే అన్నాను.

కాగితాలు ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు.

"మొదటినించి సదువు సార్" అంది.

అది ఇంగ్లీషులో ఉంది. అరుగు మీద కూర్చుని ఒక్కో పేరా తెలుగులో చెబుతూ వచ్చాను. నర్సమ్మ పేరు వచ్చినప్పుడు ఆయా కళ్ళు తుడుచుకుంది. భర్త నేల చూస్తూ వింటున్నాడు. నా గురించిన పేరా వచ్చింది. సాక్షి సంతకం పెట్టిన వ్యక్తి దోషమేమీ లేదని, అది లాయరు పొరపాటని మొదలవుతుంది. అక్కడికి వచ్చేసరికి నా గొంతు దానంతట అదే తగ్గింది.

"గట్టిగా సదువు సార్" అంది ఆయా. "కోర్టులో ఈయప్ప తలుపుకాడ నిలబడిండె. ఏమీ వినపళ్ళేదు."